13 సెకన్ల పరుగు చూడటానికి బుడాపెస్ట్ దాకా: నా అనుభవం

నేను టికెట్లు కొనే నాటికి జ్యోతి యర్రాజీ బుడాపెస్ట్‌లో పరిగెడుతుందో లేదో ఎవరికీ తెలీదు. అయినా కొనేశాను.

విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. చదువుకునే రోజుల్లో హర్డిల్స్ (దారిలో నిలబెట్టిన అడ్డకర్రలు దాటుతూ పరిగెత్తే పోటీ) పరిగెత్తాను. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి నేర్పిస్తున్నాను. మా స్కూల్లో హర్డిల్స్ అంటే ప్లంబింగ్ పైపులు కోసి, అతికించి చేసుకున్నవే. వైజాగ్‌లో పుట్టి పెరిగిన జ్యోతి ఈ పరుగులో దేశం రికార్డు మళ్లీ మళ్లీ తిరగరాస్తుంటే, ఒక్కసారైనా కళ్లారా చూడాలని చాలా రోజులుగా ఉంది. 2023 ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు ఆగస్టు 19 నుంచి 27 వరకు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో అని తెలిశాక ఆ కోరిక మరీ గట్టిపడింది. వేసవిలో లక్షన్నర చీటీ పాడొచ్చు అనుకున్నాను. మా ఆయన, "వెళ్లాలనుంటే వెళ్లు, తర్వాత తర్వాత అంటే అవ్వదు" అన్నారు.

ఫిబ్రవరి 11, శనివారం రాత్రి ఆన్‌లైన్‌లో నాలుగు సెషన్లకి టికెట్లు తీసుకున్నాను: ఆగస్టు 22 సాయంత్రం మహిళల 100 మీటర్ల హర్డిల్స్ హీట్స్ (తొలి రౌండు పరుగులు), 23 సాయంత్రం సెమీస్, 25 ఉదయం జావెలిన్ (బల్లెం విసిరే పోటీ) క్వాలిఫయింగ్, 27 సాయంత్రం జావెలిన్ ఫైనల్. నాలుగూ కలిపి 21,500 రూపాయలు అయ్యాయి. ఒక మాట ముందే చెప్తాను. హర్డిల్స్, 100 మీటర్లు చూడాలంటే స్టేడియం మ్యాప్‌లో ఫినిష్ లైన్ ఉన్న స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం) ఎటువైపో చూసి సీటు తీసుకోండి. అవతలివైపు సీటు చవగ్గానే వస్తుంది, కానీ పరుగంతా మైదానానికి అవతల జరుగుతుంది. ఫినిష్ దగ్గర సీట్లు నా తాహతుకి మించినవి. స్టార్ట్ వైపు, పైవరసల్లో దొరికింది. అదే మంచిదైంది, ఎందుకో తర్వాత చెప్తాను.

టికెట్ కొన్నంత తేలిగ్గా మిగతావి అవలేదు. ప్రభుత్వోద్యోగులు విదేశం వెళ్లాలంటే శాఖ నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ ఉండాలి. మార్చి 6న అర్జీ పెట్టాను. కాగితం ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి వెళ్లడానికే వారాలు పట్టింది. ఒకసారి సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్ లేదని తిరిగొచ్చింది, ఇంకోసారి సెలవు ఎన్ని రోజులో అక్షరాల్లో రాయలేదని. చివరికి ఏప్రిల్ 17న చేతికొచ్చింది. మీరూ ఉద్యోగులైతే అన్నిటికంటే ముందు ఈ పని మొదలుపెట్టండి.

వీసా అపాయింట్‌మెంట్ కోసం ఏప్రిల్ 20 నుంచి రోజూ చూశాను. వేసవి రద్దీ వల్ల మే 29కి గానీ దొరకలేదు. హైదరాబాద్‌లో మా పిన్ని ఇంట్లో దిగి, పొద్దున్నే ఫైలు పట్టుకుని వెళ్లాను. ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫారం 16, నో అబ్జెక్షన్, జీతం స్లిప్పులు, బస బుకింగ్, విమానం బుకింగ్, 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్, నాలుగు పోటీ టికెట్ల ప్రింట్లు, ఎందుకు వెళ్తున్నానో వివరిస్తూ ఉత్తరం. వేలిముద్రలు తీసుకున్నారు. అప్పటి వీసా ఫీజు 80 యూరోలు, సర్వీస్ చార్జీ, కొరియర్ అన్నీ కలిపి 9,600 అయింది. కౌంటర్లో అమ్మాయి టికెట్ల ప్రింట్లు తిప్పి చూసి, "మేడం, దీనికోసమేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ కాగితాలు ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టింది.

పదిహేను రోజుల్లో వస్తుందన్నారు. రాలేదు. పదహారో రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. 71 వేలు పెట్టి కొన్న విమానం టికెట్ క్యాన్సిల్ చేస్తే సగం కూడా వెనక్కి రాదు. జూన్ 23న కొరియర్ అతను గేటు దగ్గర పిలిస్తే చెప్పులు లేకుండా పరిగెత్తాను. 25 రోజులు.

ఇంకో టెన్షన్ మిగిలింది. జ్యోతి. జూలై 13న బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ ఫైనల్. మా స్టాఫ్ రూమ్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 13.09 సెకన్లు, బంగారు పతకం. ఆసియా చాంపియన్‌కి ప్రపంచ పోటీల్లో చోటు ఉంటుంది. లెక్కల మాస్టారు "ఇక మీరు హాయిగా వెళ్లొచ్చమ్మా" అంటే కళ్లు తుడుచుకున్నాను. ఆగస్టు 4న చైనాలోని చెంగ్డూలో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78 పరిగెత్తి కాంస్యం తెచ్చుకుంది. అది కొత్త జాతీయ రికార్డు.

ఆగస్టు 18 సాయంత్రం వైజాగ్‌లో గోదావరి ఎక్కాను. 19 రాత్రి హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా, 20 మధ్యాహ్నం బుడాపెస్ట్. పెట్టెలో అటుకులు, జంతికలు, చింతకాయ పచ్చడి, కారప్పొడి పెట్టుకున్నాను. మాంసం, పాలతో చేసినవి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు కాబట్టి అత్తయ్య చేసిన పాలకోవా ఇంట్లోనే వదిలేశాను. ఆవిడ కాస్త నొచ్చుకున్నారు.

విమానాశ్రయం నుంచి 100ఇ నంబరు బస్సు నేరుగా ఊరి మధ్యకి వెళ్తుంది, అప్పుడు రెండు వేల పైచిలుకు ఫోరింట్లు తీసుకున్నారు. మన రూపాయికి అప్పట్లో నాలుగు ఫోరింట్ల పైన వచ్చేవి. అంకెలు చూసి మొదట్లో గుండె జారేది, తర్వాత నాలుగుతో భాగించడం అలవాటైంది. నేను తీసుకెళ్లిన కార్డులో యూరోలు వేయించుకున్నాను. హంగరీలో నడిచేది యూరో కాదు, ఫోరింట్. కార్డు గీకిన ప్రతిసారీ మార్పిడి చార్జీ పడుతోందని రెండో రోజు మెసేజ్‌లు చూసుకుంటే తెలిసింది. మెషిన్ "ఫోరింట్లలోనా, మీ కరెన్సీలోనా" అని అడిగితే ఫోరింట్లే నొక్కండి, రెండోసారి కోత పడదు.

బోరారోష్ తేర్ అనే కూడలి దగ్గర ఒక హాస్టల్లో, ఎనిమిది మంది ఆడవాళ్ల గదిలో ఒక మంచం తీసుకున్నాను. ఎనిమిది రాత్రులకి 26 వేలు. పెట్టె పడేసి తినడానికేమైనా కొనుక్కుందామని వీధిలోకి వస్తే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆగస్టు 20 వాళ్లకి జాతీయ పండగ, సెయింట్ స్టీఫెన్ రోజట. ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆ పూట అటుకులే దిక్కయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి జనమంతా డాన్యూబ్ ఒడ్డుకి నడుస్తుంటే నేనూ వెళ్లాను. నది పొడవునా బాణసంచా. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ముసలివాళ్లు, చేతుల్లో చిన్న జెండాలు. అదే సాయంత్రం స్టేడియంలో వాళ్ల బెన్స్ హలాస్ హ్యామర్ త్రోలో కాంస్యం గెలిచాడని పక్కనున్న పెద్దాయన సైగలతో, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మా ఇద్దరికీ ఒక్క భాష కూడా సరిగ్గా కలవలేదు, కానీ ఆయన ఆనందం నాకు పూర్తిగా అర్థమైంది.

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. యూరప్ కదా అని స్వెట్టర్లు, శాలువా మోసుకెళ్లాను. అవి పెట్టెలోంచి బయటికే రాలేదు. 33, 34 డిగ్రీలు. గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ కూడా లేదు. ఇక నీళ్లు. మూడు రకాల మూతలతో సీసాలుంటాయి. నీలం మూతది తీసుకుని గటగటా తాగబోతే సోడా. ఆకుపచ్చది కొంచెం గ్యాస్ ఉన్నది. గులాబీ మూత ఉన్నవే మామూలు నీళ్లు. తర్వాత హాస్టల్లో కుళాయి నీళ్లే పట్టుకున్నాను. బానే ఉంటాయి, అందరూ అవే తాగుతారు. ట్రామ్‌కి 72 గంటల పాస్ అప్పట్లో 5,500 ఫోరింట్లు, రెండుసార్లు తీసుకున్నాను.

22 సాయంత్రం. రెండో నంబరు ట్రామ్ నది పక్కనే వెళ్తుంది. చివరి స్టాప్‌లో దిగి జనంతో పాటు నడిస్తే స్టేడియం. ఈ పోటీల కోసమే డాన్యూబ్ ఒడ్డున కొత్తగా కట్టారు. టికెట్ ఫోన్లోనే, స్కాన్ చేసి పంపుతారు. చార్జింగ్ అయిపోతుందేమోనని దారి పొడవునా ఫోన్ ముట్టుకోలేదు.

సీట్లో కూర్చున్నాక నేను చూసిన మొదటి దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. నీలం యూనిఫాంలో సిబ్బంది వరసలుగా వచ్చి హర్డిల్స్ పెడుతున్నారు. స్టార్ట్ నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, తర్వాత ప్రతి 8.5 మీటర్లకి ఒకటి, చివరిది దాటాక 10.5 మీటర్లు. ఈ అంకెలు నేను వందలసార్లు సున్నంతో గీసినవే. కానీ అవి పదికి పదీ ఇలా నిలబెట్టి, స్టార్ట్ వెనక నుంచి చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. మా స్కూల్లో ఆరే ఉన్నాయి. స్టార్ట్ వెనక నుంచి చూస్తే హర్డిల్స్ ఒక్కొక్కటిగా కనపడవు. 83.8 సెంటీమీటర్ల ఎత్తున ఉండే అడ్డకర్రలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, గోడలా ఉంటాయి. మధ్యలో మూడడుగులు వేయడానికి చోటుందని అక్కడినుంచి చూస్తే నమ్మబుద్ధి కాదు. పిల్లలు స్టార్టింగ్‌లో ఎందుకు భయపడతారో, "భయపడకు" అని నేను ఎంత తేలిగ్గా అంటానో అప్పుడు తట్టింది.

ఐదు హీట్స్. ప్రతి దాంట్లో మొదటి నలుగురు సెమీస్‌కి, ఆపైన మంచి టైమింగ్ ఉన్న మరో నలుగురు. అమెరికా అమ్మాయి కెండ్రా హారిసన్ తన హీట్‌లో 12.24 పరిగెత్తితే స్టేడియం అంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టనిపించింది.

జ్యోతిది నాలుగో హీట్. పేరు చదివారు. స్క్రీన్ మీద మొహం కనపడింది. నేను లేచి నిలబడి, "జ్యోతీ!" అని గొంతు చిరిగేలా అరిచాను. కింద రెండు వరసల అవతల నుంచి ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, "అక్కా, మీది వైజాగా?" అన్నాడు. వియన్నాలో చదువుతున్నాడట, రైల్లో వచ్చాడు, వాళ్లది అనకాపల్లి. ఇద్దరం కలిసి అరిచాం. అంతలో "సెట్" అనగానే స్టేడియం నిశ్శబ్దమైపోయింది. అంత మంది ఒక్కసారి మౌనంగా ఉంటే ఎలా ఉంటుందో టీవీలో తెలీదు. తుపాకీ మోగింది.

నిజం చెప్తున్నాను, ఆ 13 సెకన్లలో ఎవరు ముందో నాకేం కనపడలేదు. వీపులు, జడలు, హర్డిల్ కర్రలకి మడమలు తగిలే చప్పుడు. ఆ చప్పుడు పైదాకా వినపడింది. అందరూ ఫినిష్ దాటాక బోర్డు చూశాను. ఏడో స్థానం. 13.05.

కూర్చుండిపోయాను. ఆ కుర్రాడు మెట్లెక్కి వచ్చి నా పక్కన ఖాళీ సీట్లో కూర్చుని, "పర్లేదక్కా" అన్నాడు. మొత్తం మీద 29వ స్థానం. హాస్టల్‌కి వెళ్తుంటే ట్రామ్‌లో ఒక్క లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. బ్యాంకాక్‌లో ఆమెని ఆసియా చాంపియన్ చేసిన పరుగు 13.09. ఇక్కడ అంతకన్నా వేగంగా పరిగెత్తింది, ఏడోది అయింది. ఆసియాకీ ప్రపంచానికీ మధ్య ఎంత దూరమో పేపర్లో చదివితే ఒక అంకె. అక్కడ కూర్చుని చూస్తే గుండె బరువెక్కుతుంది. అయినా ఆ వరసలో నిలబడ్డవాళ్లలో ఒకరు మన కొండల మీంచి, సముద్రం పక్కనుంచి వెళ్లిన పిల్ల. ఆ గోడకి ఎదురుగా నిలబడింది. ఆ రాత్రి నాకు నిద్ర రాకపోయినా, అది బాధ వల్ల మాత్రమే కాదు.

23న సెమీస్ టికెట్ చేతిలో ఉంది, చూడాల్సిన మనిషి లేదు. అమ్మేద్దామా అనుకున్నాను. మధ్యాహ్నం హాస్టల్ కింద కాఫీ దుకాణంలో కూర్చుని చంద్రయాన్-3 దిగడం ఫోన్లో చూశాను. మనకి సాయంత్రం 6:04, అక్కడ 2:34. నేను ఒక్కదాన్నే చప్పట్లు కొడుతుంటే కౌంటర్లో అమ్మాయి ఏమైందని అడిగింది. చంద్రుడి మీద దిగాం అని చెప్తే నాతో పాటు చప్పట్లు కొట్టింది. ఆ హుషారుతో సాయంత్రం స్టేడియానికి వెళ్లాను. వెళ్లకపోయుంటే పోల్ వాల్ట్ (పొడవాటి కర్ర ఊతంతో పైకెగిరే పోటీ) పోయేది. ఆస్ట్రేలియా నీనా కెనెడీ, అమెరికా కేటీ మూన్ ఇద్దరూ 4.90 మీటర్ల దగ్గర సమంగా నిలిచి, ఇక చాలు అనుకుని బంగారం పంచుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే నా పక్కన కూర్చున్న జర్మన్ ఆవిడ కూడా ఏడ్చింది.

తిండి విషయం. శాకాహారులకి లాంగోష్ ఒకటి బానే ఉంటుంది. మన పెద్ద పూరీ లాంటిది, వేయించి పైన వెల్లుల్లి నీళ్లు, పుల్లటి మీగడ, చీజ్ వేస్తారు. అప్పట్లో రెండు వేల ఫోరింట్లు, అంటే దాదాపు 480 రూపాయలు. ఒకటి తింటే పూట గడిచిపోతుంది. నేను కారప్పొడి చల్లుకుని తిన్నాను.

25 ఉదయం జావెలిన్ క్వాలిఫయింగ్. 83 మీటర్లు దాటితే ఫైనల్‌కి నేరుగా అర్హత. నీరజ్ చోప్రా మొదటి విసురే 88.77. బల్లెం దిగగానే సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ సెషన్‌కి నేను పెట్టిన డబ్బంతా ఆ ఒక్క విసురుకే, ఒక్క రూపాయి కూడా వృథా అనిపించలేదు. డీపీ మనూ, కిశోర్ జెనా కూడా ఫైనల్‌కి వచ్చారు. 26 సాయంత్రానికి నేను టికెట్ తీసుకోలేదు. ఆ రాత్రే మన అబ్బాయిలు 4×400 రిలే హీట్‌లో అమెరికా వెనకే రెండోదిగా 2:59.05తో ఆసియా రికార్డు కొట్టారు. స్టేడియానికి కొద్ది ట్రామ్ స్టాపుల దూరంలో మంచం మీద కూర్చుని ఫోన్లో చూశాను. ఈ ప్రయాణంలో నాకు మిగిలిపోయిన బెంగ అదొక్కటే.

27న పొద్దున్నే ఏడింటికి పురుషుల మారథాన్. హీరోస్ స్క్వేర్ దగ్గర మొదలవుతుంది, రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. వెళ్లేది ఒకటో నంబరు మెట్రోలో, 1896లో మొదలైన లైను, చిన్న పసుపు పెట్టెలు. డబ్బు తక్కువున్నవాళ్లు మారథాన్, నడక పోటీలు తప్పకుండా చూడండి. పరుగెత్తేవాళ్ల శ్వాస వినపడేంత దగ్గర్లో నిలబడతాం.

ఆ సాయంత్రం స్టేడియంలో ఎటు చూసినా మన జెండాలు. వియన్నా కుర్రాడు మళ్లీ వచ్చాడు, ఈసారి స్నేహితులతో. నీరజ్ మొదటి విసురు ఫౌల్. మా వరసలో ఎవరూ మాట్లాడలేదు. రెండోది 88.17. పాకిస్తాన్ అర్షద్ నదీమ్ మూడో విసురుకి 87.82 వచ్చినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఆ తర్వాత ఇద్దరి దూరాలూ మారలేదు. చెక్ ఆటగాడు వాద్లేచ్ 86.67తో మూడో స్థానం, జెనా 84.77తో ఐదు, మనూ 84.14తో ఆరు. మొదటి ఆరుగురిలో ముగ్గురు మనవాళ్లు. ఆ తర్వాత నీరజ్ జెండా కప్పుకుని, నదీమ్‌ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. పైవరసల నుంచి ఇద్దరూ వేలంత కనపడ్డారు. అదే సాయంత్రం రిలే ఫైనల్లో మనవాళ్లు ఐదో స్థానంలో వచ్చారు. గొంతు పూర్తిగా పోయింది, మూడు రోజులు గుసగుసలాడే మాట్లాడాను.

మొత్తం ఖర్చు: విమానం 71,000, టికెట్లు 21,500, బస 26,000, వీసా 9,600, ఇన్సూరెన్స్ 1,900, తిండీ తిరుగుడూ 17,000. కలిపి లక్షా 47 వేలు. చీటీ వాయిదాలు ఇంకా పదకొండు నెలలున్నాయి.

28న బయల్దేరి 29 రాత్రికి ఇల్లు చేరాను. 31న స్కూల్‌కి వెళ్లగానే హార్డ్‌వేర్ షాపుకి మనిషిని పంపించి పైపులు, వాటిని కలిపే ఎల్బోలు, టీలు, గమ్ము తెప్పించాను, 2,300 అయింది. ఆ వారం పిల్లలూ నేనూ కూర్చుని ఇంకో నాలుగు హర్డిల్స్ చేశాం. శనివారం సాయంత్రం టేపు పట్టి 13 మీటర్లు, 8.5 మీటర్లు కొలిచి, మొదటిసారి పదీ నిలబెట్టాం. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి స్టార్ట్ దగ్గరికెళ్లి వంగి చూసి, చాలాసేపటికి గానీ లేవలేదు.

"మేడం, ఇంత దగ్గర దగ్గరగా ఉంటాయా?" అంది.

నేను వెళ్లి ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అది చూస్తున్న ఎత్తు నుంచే చూశాను.